మోకాలికిచ్చిన సీటు

మా పాత కాలేజీలో ఇప్పుడు పాఠాలు చెబుతున్న కుర్ర లెక్చరర్లు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. ఆటలు బాగా ఆడేవాళ్ళకి కాలేజీలో సీటివ్వడం న్యాయమా కాదా అని స్టాఫ్ రూములో పెద్ద వాదన జరిగిందట. ఒకాయన న్యాయమే అన్నాడు. ఒకావిడ ముమ్మాటికీ కాదంది. అడ్మిషన్ల కమిటీలో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి కదా, ఒక్క మాటలో తేల్చేస్తానని ఆశపడ్డారు. నేను లెక్కల మాస్టార్ని. ఒక్క మాటలో తేలిపోయే లెక్కని ఏ పరీక్షలోనూ ఇవ్వగా చూళ్ళేదు. అందుకని వాళ్ళని కూర్చోబెట్టి, నా ఉద్యోగంలో ఒక సంవత్సరం ఏం జరిగిందో చెప్పాను. వెళ్ళేటప్పుడు ఇద్దరూ మళ్ళీ వాదించుకుంటూనే గేటు దాటారు. మీరూ విని, మీ ఇష్టమొచ్చినట్టు వాదించుకోండి.

అరవయ్యో దశకం చివరి రోజులు. శ్రీకాకుళం జిల్లాలో ఒక కాలేజీ. నేను చేరి మూడేళ్ళయింది. అప్పట్లో స్కూలు ఫైనలు పాసైనవాళ్ళు ఒక ఏడాది పీయూసీ చదివి, ఆ తర్వాత డిగ్రీలో చేరేవారు. మా పీయూసీ సైన్సులో ఎనభై సీట్లు. ఎనభయ్యే ఎందుకంటే, మా ఫిజిక్సు లాబులో ఎనభై స్టూళ్ళున్నాయి. యూనివర్సిటీ నుంచి చూడ్డానికొచ్చిన పెద్దమనిషి స్టూళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళి, అదే సంఖ్య రాసి పంపించాడు.

ఆ ఎనభైమందినీ ఎంపిక చేసే కమిటీలో ముగ్గురం ఉండేవాళ్ళం. ప్రిన్సిపాల్ గారు, పీడీ గారు, నేను. పీడీ అంటే ఫిజికల్ డైరెక్టరు. ఆటలు ఆడించే మాస్టారన్నమాట. మెడలో విజిల్ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. పెళ్ళిళ్ళకి కూడా పట్టుపంచె మీద విజిల్ వేసుకొచ్చేవారు. వెనకాల మేం ఆయన హోదాలో చివరి గుడిదీర్ఘం తీసేసి 'పీడ' అని పిలుచుకునేవాళ్ళం. ఆయనకి తెలుసు. పట్టించుకునేవారు కాదు.

ఇక నా పని మార్కుల లిస్టు. ఎవరెవరికి ఎంత శాతం వచ్చిందో దశాంశ బిందువు తర్వాత రెండు స్థానాల దాకా లెక్కగట్టి, దస్తూరీ కుదిరేదాకా రెండుసార్లు తిరగరాసి, నోటీసు బోర్డుకి అంటించేవాణ్ణి. అంటించాక పదడుగులు వెనక్కెళ్ళి చూసుకునేవాణ్ణి. దేవుడు కూడా మనుషుల్ని ఇంత న్యాయంగా వరసలో నిలబెట్టి ఉండడని ఆ వయసులో నా నమ్మకం.

ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది కబడ్డీ వల్ల. విజయనగరం వైపున్న ఒక కాలేజీతో మాకు ఏటా పోటీ జరిగేది. ఆ కాలేజీ ప్రిన్సిపాల్, మా ప్రిన్సిపాల్ గారికి స్వయానా చెల్లెలి మొగుడు. అంతకుముందు ఏడాది అక్కడికి మా జట్టు వెళ్ళింది. ప్రిన్సిపాల్ గారికి తోడుగా నేనూ వెళ్ళాను. ఇస్త్రీ చేసిన నిక్కర్లతో మా వాళ్ళు ఎంత అందంగా దిగారో అంత వేగంగా ఓడిపోయారు. ఆట తర్వాత భోజనాలని చెప్పారు గానీ, ఆట అయ్యేసరికి ఎసరు కూడా మరగలేదు. ఆ బావగారు మా ప్రిన్సిపాల్ గారిని పక్కకి తీసుకెళ్ళి, "మీ పిల్లలు ఆడ్డానికొచ్చారా బావా, చూసి పోదామని వచ్చారా?" అన్నాడట. తిరుగు ప్రయాణంలో మా ప్రిన్సిపాల్ గారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆమదాలవలస స్టేషన్లో దిగేదాకా ఇటు తిరగలేదు.

జూన్ మొదట్లో కమిటీ కూర్చోగానే ఆయన కళ్ళజోడు సవరించుకుని అన్నారు. "ఈ ఏడాది పీయూసీ సైన్సులో ఒక సీటు ఆటగాడికి."

"ఎనభై అంటే లిస్టులో మొదట్నించీ లెక్కపెట్టి తీసుకునే ఎనభైమంది సార్," అన్నాను. "ఆటగాడొస్తే ఎనభయ్యోవాడు బయటికి పోవాలి. వాడేం తప్పు చేశాడు?"

"కబడ్డీ ఆడకపోవడమే సేసిన తప్పు," అన్నారు పీడీ గారు.

ప్రిన్సిపాల్ గారు నవ్వలేదు. నా నోరు మూయించడానికి ఆయనకో ఉపాయం తట్టింది. ఆటగాణ్ణి వెతకడానికి పీడీ గారితో నేనూ వెళ్ళాలన్నారు. "మీ కళ్ళతో చూసి, అప్పుడు చెప్పండి."

అలా ఒక ఉదయం ఆమదాలవలసలో పాసెంజరెక్కి నౌపడలో దిగాం. వానలు రాకముందే ఉప్పు రాసుల మీద తాటాకులు కప్పే పని జోరుగా సాగుతోంది. ఎండకి ఆ తెల్లదనం కళ్ళలో గుచ్చుకుంటోంది. సాయంత్రం నాలుగింటికి పని ఆగింది. ఉప్పు మడుల పక్కన గట్టినేల మీద గీతలు గీసి, పని దిగిన మగాళ్ళంతా రెండు జట్లయ్యారు. అక్కడ ఇంకా దాన్ని కబడ్డీ అనేవాళ్ళు కాదు, చెడుగుడే. పీడీ గారు నా మోచెయ్యి పట్టుకుని, "అదిగో, అతగాణ్ణి సూడండి," అన్నారు.

పందొమ్మిదేళ్ళుంటాయేమో. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. గీత దాటి కూతకి వెళ్ళాడంటే, అవతలి ఏడుగురికీ ఒకేసారి ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి జరిగేవారు. కూత మధ్యలో ఊపిరి తీసుకున్నట్టే కనబడలేదు. ఒకసారి నలుగురు మీద పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చి గీతని ముట్టుకుంది. కూత ఇంకా వినిపిస్తూనే ఉంది. నేను నా గొడుగు కింద పడేశానని పీడీ గారు తర్వాత అందరికీ చెప్పారు. పడెయ్యలేదు, జారిపోయింది.

వాకబు చేస్తే, రెండేళ్ళ కిందట స్కూలు ఫైనలు బొటాబొటీగా పాసయ్యాడని తెలిసింది. తండ్రి లేడు. తల్లీ కొడుకూ ఉప్పు మోస్తారు. మేం సంగతి చెప్పేసరికి తల్లి నెత్తి మీది చుట్టకుదురు తీసి చేత్తో పట్టుకుని మమ్మల్ని పైనించి కిందదాకా చూసింది.

"ఇన్నాళ్ళూ ఆడతన్నాడని నాను తిట్టినాను. ఇప్పుడు మీరొచ్చి ఆడమంటన్నారు. ఎవులి మాట ఇనాలి బాబూ ఈడు?"

"చదువుకోమంటున్నాం అమ్మా," అన్నాను.

"సదువుకి పిలవడానికైతే ఆటెందుకు సూసినారు?"

ఆవిడ మా కాలేజీలో ఉండి ఉంటే తర్కశాస్త్రం చెప్పించేవాణ్ణి. పీడీ గారు గొంతు సవరించుకుని, హాస్టలు, భోజనం, పుస్తకాలు, అన్నీ కాలేజీయే చూసుకుంటుందని చెప్పారు. కొడుకు అంతా విని, మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ అడిగాడు.

"సీటు ఆటకేనాండి?"

"ఆటకే."

"మరి నా కాలిరిగితే ఏటి సేస్తారు? సీటు తీసేసుకుంటారేటి?"

"నీ కాలెందుకిరుగుతాదిరా? ఇనపకాలు నీది," అన్నారు పీడీ గారు.

అది జవాబు కాదని నలుగురికీ తెలుసు. తిరిగొస్తూ రైల్లో ఆ ప్రశ్న నా డైరీలో రాసుకున్నాను. కింద గీత కూడా గీశాను. పీడీ గారికి జవాబు దొరకలేదని నాకు లోపల్లోపల భలే సంతోషంగా ఉంది. నాకూ దొరకలేదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

లిస్టు తయారైంది. ఎనభయ్యో పేరు పాతపట్నం నుంచి వచ్చిన ఒక అమ్మాయిది. తండ్రి గుడిలో అర్చకత్వం చేస్తూ, సాయంత్రాలు పిల్లలకి సంగీతం చెప్పేవాడు. ఎర్రసిరా కలంతో ఆ పేరు మీద గీత నేనే గీశాను. మర్నాడు తండ్రి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మాయికి ఏ సబ్జెక్టులో తక్కువొచ్చిందండీ?"

"తక్కువ కాదండీ. ఒక సీటు ఆటలకిచ్చారు."

"ఆటలు కూడా ఉండాలని తెలీదండీ. తెలిస్తే అదీ నేర్పించి ఉందును."

కోపంగా అంటే తట్టుకునేవాణ్ణి. నిజంగానే అన్నాడు. ఖాళీ ఏదైనా వస్తే తప్పకుండా కబురు చేస్తానని మాటిచ్చి పంపాను.

నౌపడ నుంచి అతను ఒక రేకుపెట్టెతో వచ్చి చేరాడు. క్లాసులో మొదటి బెంచీలో కూర్చునేవాడు. వెనక బెంచీలో నిద్రపోయే ఆటగాణ్ణి ఊహించుకుని, ఒకటి రెండు చురకలు కూడా సిద్ధం చేసుకున్న నాకు ఇది కొంచెం ఆశాభంగంగానే ఉండేది. అర్థం కాకపోతే చెయ్యెత్తేవాడు. రోజుకి నాలుగైదుసార్లు ఎత్తేవాడు. ఆ చెయ్యి లేవగానే మిగతా క్లాసంతా ఊపిరి పీల్చుకునేది. వాళ్ళకీ అర్థం కాలేదు మరి.

సాయంత్రాలు పీడీ గారు గ్రౌండులో కుర్చీ వేసుకుని కూర్చుని అతని కూత వినేవారు. సంగీత కచేరీలో కూర్చున్నట్టు తలాడించేవారు. ప్రిన్సిపాల్ గారు కూడా ఆఫీసు కిటికీ తెరిపించేవారు. బావగారికి అప్పటికే ఒక ఉత్తరం వెళ్ళిందని గుమాస్తా చెప్పాడు. అందులో యోగక్షేమాల తర్వాత, జనవరిలో మా కాలేజీలో జరిగే ఆటకి కుటుంబసమేతంగా రావలసిందని రాశారట.

ఆగస్టు నెలాఖరు. మధ్యాహ్నం పెద్ద వాన పడి ఆగింది. ఆ రోజు ఆట మానేయాల్సింది. పీడీ గారు మాననివ్వలేదు. తడినేల మీద పట్టు పడితే కాళ్ళు గట్టిపడతాయని ఆయన సిద్ధాంతం. నేను స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఉన్నట్టుండి కూత మధ్యలో తెగిపోయింది. అతని కూత తెగడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. బయటికి పరిగెత్తాను. ముగ్గురు మీద పడగా మోకాలు పక్కకి తిరిగిపోయింది. నుదురు బురదలో ఆనించి పడుకున్నాడు. పీడీ గారు అతన్ని వీపు మీద వేసుకుని జట్కా దాకా నడిచారు. ఆ బురదలో ఆయన రెండుసార్లు మోకాళ్ళ మీద పడటం చూశాను. రెండుసార్లూ వీపు మీదివాణ్ణి కింద పెట్టకుండానే లేచారు.

ఆసుపత్రిలో డాక్టరు కట్టు కట్టి, ఈ ఏడాదికి ఆట మాట ఎత్తొద్దన్నాడు.

ఇప్పుడు నేను చేసిన పని చెప్పాలి. ఇన్నేళ్ళయినా చెప్పడానికి నోరు రాదు. యూనివర్సిటీలో ఆలస్యపు చేరికలకి ఇంకా పది రోజుల గడువుంది. ఆటకిచ్చిన సీటు, ఆట పోతే పోవాలి కదా అని నా తర్కం. కమిటీ కూర్చోకముందే, ఎవరితోనూ చెప్పకుండా, పాతపట్నానికి ఒక కార్డు రాశాను. సీటు ఖాళీ కావచ్చు, ఫలానా రోజు అమ్మాయిని తీసుకుని రండి అని. 'కావచ్చు' అనే రాశాను. కానీ ఆ మాట ఎంత చిన్న అక్షరాలతో రాశానో నాకే తెలుసు.

ఆ రోజు ఆఫీసుకి వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. ఒక చివర పాతపట్నం తండ్రి, పక్కన అమ్మాయి. ఒళ్ళో అట్టలు వేసిన కొత్త నోటు పుస్తకాలు. ఇంకో చివర మా ఆటగాడు, కట్టు కట్టిన కాలు చాపుకుని. ఆకుపసరు వాసన గుమ్మం దాకా వస్తోంది. డాక్టరు కట్టు మీద నమ్మకం చాలక తల్లి ఏదో పసరు పోయించింది. పెద్దాయన అతన్ని, దెబ్బ ఎలా తగిలింది బాబూ, నొప్పి తగ్గిందా అని అడుగుతున్నాడు. అతను ఆ అమ్మాయికి లాబులో ఏ వరసలో కూర్చుంటే బోర్డు బాగా కనబడుతుందో చెబుతున్నాడు. తన సీటు ఎవరికి వెళుతుందో అతనికి తెలిసిపోయింది. దానికి అతనేమీ నొచ్చుకున్నట్టు లేడు.

లోపల పీడీ గారు గోడ పక్కన నిలబడి ఉన్నారు. ప్రిన్సిపాల్ గారి ముందు ఒక కాగితం ఉంది. అతనే రాసిన అర్జీ. వచ్చీరాని ఇంగ్లీషులో, తాను ఇక ఆడలేడు కాబట్టి సీటు కాలేజీకి తిరిగి ఇచ్చేస్తున్నానని.

"పెద్దమనిషి తరహాగా రాశాడు," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "విజయనగరం వైపు నుంచి ఇంకో ఆటగాడు ఉన్నాడని విన్నాను. గడువు లోపల వస్తే..."

"మళ్ళీ ఆటగాడెందుకు సార్?" అన్నాను. నా గొంతు కొంచెం పైకే లేచింది. "మనం సీటిచ్చింది ఒక మోకాలికి. ఆ మోకాలు పోయింది. సీటు లిస్టులోకి తిరిగి రావాలి. ఆ అమ్మాయి బయటే ఉంది."

ఇద్దరూ నా వైపు చూశారు. అమ్మాయి ఎలా వచ్చిందని ప్రిన్సిపాల్ గారు అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

పీడీ గారు బల్ల దగ్గరికొచ్చారు. ఆ రోజు మెడలో విజిల్ లేదు. "ఆ తడినేల మీద ఆడించినోణ్ణి నేను," అన్నారు. "ఎవుణ్ణయినా పంపాలంటే నన్ను పంపండి సార్. ఆ కుర్రోడు ఆడనని అన్లేదు. నేను ఆడమన్నాను."

"ఎవరినీ పంపమనడం లేదు," అన్నారు ప్రిన్సిపాల్ గారు చిరాగ్గా. "అతనే వెళతానంటున్నాడు." సొరుగులోంచి యూనివర్సిటీ ఫారం తీసి నా ముందుకి తోశారు. కాలేజీ వదిలివెళ్ళే విద్యార్థి గురించి నింపాల్సినది. "మీ సబ్జెక్టు గడి మీరు నింపండి. చదువు ఎలా ఉంది, హాజరు ఎలా ఉంది."

కలం మూత తీశాను. హాజరు రాయడం తేలికే. దెబ్బ తగిలిన రోజు దాకా ఒక్క క్లాసు మానలేదు. చదువు దగ్గర కలం ఆగింది. ముందు రోజే టెస్టు పేపర్లు దిద్దడం పూర్తి చేశాను. ఇరవయ్యయిదుకి అతనికి పదకొండు. పెద్ద గొప్పేం కాదు. కానీ నేను దశాంశ బిందువులు లెక్కపెట్టి, రెండుసార్లు తిరగరాసి, బోర్డుకి అంటించి మురిసిపోయిన లిస్టులోని పద్నాలుగుమంది అతని కన్నా కింద ఉన్నారు. ఆ పేపర్ల కట్ట నా సంచీలోనే ఉంది. బయటికి తీయకపోతే ఎవరికీ తెలియదు. 'అంతంత మాత్రం' అని రాస్తే అబద్ధం కూడా కాదు. బయట బెంచీ మీద అట్టలు వేసిన పుస్తకాలు నాకు కనబడుతూనే ఉన్నాయి. ఆ గడి నా బొటనవేలంత ఉంటుంది. దాన్ని నింపడానికి నాకు ఎంతసేపు పట్టిందో చెప్పలేను.

'తృప్తికరం' అని రాశాను. పేపర్ల కట్ట తీసి పక్కన పెట్టాను.

ప్రిన్సిపాల్ గారు ఫారం తీసుకుని చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "హాజరు పూర్తి. చదువు తృప్తికరం. ఇక మిగిలింది వెళ్ళడానికి కారణం. ఏమని రాయమంటారు? ఈ ఫారంలో మోకాలికి గడి లేదు."

"సొంత కోరిక అని రాయొచ్చు సార్," అన్నాను. నా మాట నాకే వినపడలేదు.

ఆయన బంట్రోతు చేత అతన్ని లోపలికి పిలిపించారు. కుంటుతూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నీకు వెళ్ళాలని ఉందా?"

"ఎల్లాలని నేదండి," అన్నాడు. "ఎల్లాలి కదండి మరి."

ప్రిన్సిపాల్ గారు అర్జీని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశారు. "క్లాసుకి వెళ్ళు," అన్నారు.

అతను వెళ్ళలేదు. వెనక్కి తిరిగి బెంచీ వైపు ఒకసారి చూసి అడిగాడు. "మరి ఆ అమ్మాయికో?"

నలభై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలడిగారు. దీనంత చిన్న ప్రశ్న, దీనంత కష్టమైనది ఇంకోటి లేదు.

ఎనభయ్యొకటో సీటు కోసం ప్రిన్సిపాల్ గారు అప్పటికప్పుడు యూనివర్సిటీకి ఉత్తరం రాశారు. పీడీ గారు తన ఆటసామాన్ల గదిలోంచి ఒక స్టూలు మోసుకెళ్ళి ఫిజిక్సు లాబులో పెట్టి, "ఇప్పుడు లెక్కెట్టుకోమనండి," అన్నారు. జవాబు మాత్రం వేసవి సెలవుల్లో వచ్చింది. విషయం పరిశీలనలో ఉన్నదట. అంతదాకా ఆగడం కుదరదు కదా. ఆర్ట్సు గ్రూపులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. ఆ అమ్మాయి ఆ రోజే అందులో చేరింది. తండ్రి నాకు దణ్ణం పెట్టి, కార్డు రాసినందుకు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళాడు. పీయూసీ ఒక ఏడాది, డిగ్రీ మూడేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆ అమ్మాయి వరండాలో ఎదురైనప్పుడల్లా నమస్కారం పెట్టింది. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆటల సీటు ఎవరికీ నష్టం లేని పని అని వాదించే వాళ్ళని చూసినప్పుడు నాకు ఆ నమస్కారం గుర్తొస్తుంది. మార్కుల లిస్టు ఒక్కటే న్యాయం అని వాదించే వాళ్ళని చూస్తే ఆ పద్నాలుగు పేపర్లు గుర్తొస్తాయి. అందుకే నేను ఎవరితోనూ పూర్తిగా ఏకీభవించలేక అందరికీ కాఫీ ఇచ్చి పంపిస్తుంటాను.

ఒక చిన్న పని మాత్రం జరిగింది. ఆటల మీద చేరిన విద్యార్థి ఆడలేకపోయినా విద్యార్థిగానే కొనసాగుతాడని ప్రిన్సిపాల్ గారు నా చేతే కమిటీ పుస్తకంలో రాయించారు. రాశాక, దస్తూరీ బాగుందని మెచ్చుకున్నారు కూడా. ఆయన దెప్పే పద్ధతి అది.

మా ఆటగాడు తర్వాత ఏమయ్యాడో ఇప్పుడే చెప్పేస్తాను. పీయూసీలో ఇంగ్లీషు తప్పి, సెప్టెంబరులో గట్టెక్కాడు. డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి, రైల్వేలో గూడ్సు గార్డు ఉద్యోగం తెచ్చుకున్నాడు. ఆటగాళ్ళ కోటాలో పెట్టుకుంటే ఏడాది ముందే వచ్చి ఉండేదని పీడీ గారు అలిగారు. "మోకాలు సూపించి రెండోసారి అడగనండి," అన్నాడట.

ఇక ఆ జనవరి సంగతి. బావగారు ఉత్తరంలో పిలిచిన ప్రకారం కుటుంబసమేతంగా వచ్చారు. గ్రౌండు చుట్టూ జనం. అతను నా పక్కనే కూర్చుని పాయింట్లు వేస్తున్నాడు. కుంటు దాదాపు పోయింది గానీ, పీడీ గారు గీత దగ్గరికి కూడా రానిచ్చేవారు కాదు. సగం ఆటయ్యేసరికి మా వాళ్ళు వెనకబడే ఉన్నా, పరువుగా వెనకబడ్డారు. అంతలో మా కుర్రాడొకడికి చీలమండ బెణికింది. బదులు ఆడేవాడు అంతకుముందే జ్వరంతో పడుకున్నాడు. ఆరుగురే మిగిలారు.

పక్కన కదలిక వినిపించి చూస్తే, అతను చొక్కా విప్పుతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. "నీకు పిచ్చా? నిన్నెవరూ ఆడమనలేదు. సీటెక్కడికీ పోదు."

"అందుకే కదండి," అన్నాడు. "ఇప్పుడు సీటు కోసం కాదు. ఆడాలనుందండి."

పీడీ గారు వద్దంటూ అడ్డం వచ్చారు. అతను ఆయన చెవిలో ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆయన ఎప్పటికీ చెప్పలేదు. పక్కకి తప్పుకుని, మెడలో విజిల్ గట్టిగా పట్టుకుని నిలబడ్డారు.

నౌపడ తర్వాత ఆ కూత అంత దగ్గరగా నేను వినడం అదే. గీత దాటి వెళ్ళాడు. బరువంతా ఎడమకాలి మీదే వేస్తున్నాడు. కుడివైపు చెయ్యి చాపినట్టే చాపి ఎడమవైపు ఒకణ్ణి, వెనక్కి తిరుగుతూ ఇంకొకణ్ణి ముట్టుకుని ఇవతల పడ్డాడు. గ్రౌండు గోలెత్తిపోయింది. ఆ గోలలో అన్నిటికన్నా పెద్ద గొంతు ఎవరిదా అని నేను చుట్టూ చూశాను. నాదే. గొడుగు గాల్లో తిప్పుతున్నాను. ప్రిన్సిపాల్ గారి చెల్లెలు భయపడి కుర్చీ పక్కకి జరుపుకుంది. రెండో కూతలో ముగ్గురు అతన్ని పట్టేశారు. లేచి నవ్వుకుంటూ బయటికొచ్చి, నా పక్కన కూర్చుని మళ్ళీ పాయింట్లు వేయడం మొదలుపెట్టాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. బావగారు ముఖం తుడుచుకుంటూ మా ప్రిన్సిపాల్ గారి చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఈయన కూడా ఓడిపోయిన మనిషిలా లేరు.

మర్నాడు మొదటి పీరియడ్ నాదే. క్లాసులోకి వెళ్ళి నోరు తెరిస్తే మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. ఎందుకు పోయిందో ఎనభైమందికీ తెలుసు. ముందు ఒక మూల కిసుక్కుమన్నారు, తర్వాత క్లాసంతా పగలబడి నవ్వింది. చేసేది లేక సుద్దముక్క తీసుకుని, పాఠమంతా బోర్డు మీదే మొదలుపెట్టాను. వర్గ సమీకరణాలు. రాత్రంతా సరిగ్గా నిద్రలేదు, తలలో ఇంకా ఆ గోలే తిరుగుతోంది. సూత్రం రాసి, కింద లెక్క సగం దాకా చేశాను.

మొదటి బెంచీలో చెయ్యి లేచింది. యథాప్రకారం అర్థం కాలేదనుకుని, ఏమిటన్నట్టు తలెగరేశాను.

"మాస్టారండీ," అన్నాడు అతను, చిన్నగా, వెనక వాళ్ళకి వినపడకుండా. "అక్కడ మైనస్ కదండీ ఉండాల."

తిరిగి చూశాను. మైనస్ ఉండాల్సిన చోట ప్లస్ వేశాను. కింద చేసిందంతా తప్పే. ఏదో ఒకటి అతనితో అనాలనిపించింది గానీ గొంతులో మాట లేదు. తప్పు చెరిపి, అక్కడ మైనస్ గీశాను. అవసరమైనదాని కన్నా కాస్త పొడుగ్గానే గీశాను.